గాజువాక ధవళసోఫా సంగ్రామము

షేర్ ఆటోల హారన్ ఘోషకు దశదిశలు పిక్కటిల్లుచుండ, చేపల బుట్టల పరిమళము వీధివీధిని పావనము చేయుచుండ, ఒకానొక ఆదివార ప్రాతఃకాలమున, గాజువాక మహాపురమందు, క్రేన్ చోదక శిఖామణి కొండలరావు నడుమునకు తువ్వాలు బిగించి, తన హాలు నడుమ నూతన ధవళసోఫాను కన్నులారా కాంచుచు నిలిచెను.

హాలును బోసిగా ఉంచు ఆతని శూన్యవ్రతము పుట్టిన తెఱంగు వినుడు. సీతమ్మధార వాస్తవ్యుడు, తోటి ఉద్యోగి దేవీప్రసాద్ గతమాసమున ఈ గడప తొక్కి, "నీ హాలు ఫేన్సీ కొట్టులాగుందేటి బావా" అనెను. వాని ఫ్లాటులో నాలుగు తెల్లగోడలు, ఒక తెల్లసోఫా, కుండీలో ఒంటరి ఆకు, అంతియే. ఆ మాట ములుకై నాటగా కొండలరావు, భార్య పుష్ప ఇరువదేండ్లుగా కూర్చిన టీవీ ముసుగును, ఫ్రిజ్జు ముసుగును, ఫ్రిజ్జు పిడి ముసుగును, ప్లాస్టిక్ ద్రాక్షగుత్తులను, షోకేసులోని గాజుబాతుల అక్షౌహిణిని అటకకు బహిష్కరించెను. బోడిగుండంత సుఖము లేదన్న సామెతను హాలునకు వర్తింపజేసిన మహాత్ముడాతడు!

నేడు దేవీప్రసాద్ ఆ వైభవము చూడ రానుండెను. అంతలో, హా! కిటికీ గుండా గాలి మోసుకొచ్చిన ఓడరేవు బొగ్గు నల్లదుమ్ము సోఫా చేతిపై చుక్కయై వ్రాలెను. ఆ దుమ్మును పొడిగుడ్డతో దులపవలెనే గాని తడిగుడ్డ తగిలింపరాదని గాజువాకలో పసిబిడ్డకును తెలియును. మన వీరునకు తెలియదు. ఇన్నేండ్లు ఆ దుమ్మును ముసుగులే భరించినవి గదా! తడితువ్వాలు దూసి, పండ్లు కొఱికి, రుద్దెను. చుక్క పళ్లెమంతయైనది. మఱల రుద్దెను. పళ్లెము చేటయైనది.

వీధిలో దేవీప్రసాద్ స్కూటరు ఆగిన చప్పుడు వినబడెను.

అప్పుడు పుష్ప నెమళ్లు కుట్టిన సోఫా కవరు చేతబట్టి వంటింటి గుమ్మమున నిలిచినది.

"దీన్ని ఏత్తాను. అటకెక్కినవన్నీ కిందికి దిగాల. సెప్పు."

"దించీ," అనెను ఆ శూన్యవ్రతుడు, స్కూటరు వంక చూచుచు. "స్విచ్చిబోర్డు పక్కన జానెడు గోడ మాత్తరం నాకొగ్గీ."

ఆమె ఒకింత ఆలోచించి ఒప్పుకొన్నది.

దేవీప్రసాద్ వచ్చి నెమళ్లపై కూర్చుండి, వాటి తోకలు నిమిరి, కొండలరావు వంకైనను చూడక ఇట్లనెను: "మా తెల్లసోఫా మీద ఎవలమూ కూకోం సెల్లెమ్మా. మరకడిపోద్దని అందరం కిందే కూకుని తింతన్నాం. ఇలాటిదొకటి మాకూ కుట్టిపెట్టు."

సాయంకాలమునకు బాతులు షోకేసెక్కినవి, ద్రాక్షలు వ్రేలాడినవి, ఫ్రిజ్జు పిడి మఱల ముసుగు దొడిగినది. ఐనను కొండలరావు గెలిచెను! స్విచ్చిబోర్డు పక్కన జానెడు గోడ నేటికిని శూన్యముగా, ధవళముగా, అజేయముగా వెలుగుచున్నది. వచ్చినవారికెల్ల ఆతడు దానిని వ్రేలితో చూపును. లోపల కరెంటు తీగ పోవుచున్నందున అక్కడ మేకు కొట్టి ఏదియు తగిలింపరాదని పుష్పకు మొదటినుండియు తెలియును.