పసుపు పొట్లం

ఏరు పొంగి, తైపే దగ్గరున్న షిన్‌చూలో కొట్లన్నీ మునిగిన ఏడు అది. యంత్రాలకు మనసుంటుందని మా కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీ అధికారికంగా తేల్చింది అప్పుడే. మనుషుల సంగతి ఇంకా పరిశీలనలో ఉంది.

మా దగ్గర ప్రతి యంత్రం మీదా ఒక చిరుతిండి పొట్లం ఉంటుంది. అది ఉంటే యంత్రం బుద్ధిగా నడుస్తుంది. ఆకుపచ్చదే ఉండాలి. పసుపుదైతే అలుగుతుంది. ఎవరూ తినకూడదు. (తల వెంట్రుక రాలినా ఒప్పుకోని గది అది. పొట్లానికి మినహాయింపు ఉంది.) గడువు దాటితే మార్చే పూచీ ఇంజనీరుది. నేల తుడిచే పని నాది.

ఆ వారం ఏ కొట్లోనూ ఆకుపచ్చది దొరకలేదు. ఫాన్‌జియాంగ్ అనే ఇంజనీరు పసుపుది తెచ్చి పెట్టాడు. యంత్రం ఆగింది. మర్నాడే మియావలీలో అతని పెళ్ళి, ఆ రాత్రే రైలు. కారణం తేలేదాకా ఇంజనీరు గేటు దాటరాదని నియమం.

అతను యంత్రం విప్పి చూశాడు. పాత గొట్టం అతుకు దగ్గర కారి నీళ్ళు లోపలికి దిగాయి. గట్టిగా కట్టు కట్టాడు. నేను తుడిచాను. యంత్రం నడిచింది. కారణం మాత్రం తేలలేదు, కారణాలు తేల్చే సంఘం ఇంకా కూర్చోలేదు గనుక.

సాయంత్రానికి కూర్చుంది. పెంగ్ మేడమ్ అధ్యక్షురాలు.

“గొట్టం కారిందండీ. మార్చమని పోయిన ఏడే అడిగాను,” అన్నాడు ఫాన్‌జియాంగ్.

ఆ మాట సంఘం రాసుకోలేదు. (కొత్త గొట్టం అక్కర్లేదన్నది ఆ సంఘమే.)

“అది సరేనయ్యా, పొట్లం ఏ రంగు?” అని అడిగింది మేడమ్.

“...పసుపండీ.”

“చూశారా!”

అతను, మూల తుడుస్తున్న నావైపు తిరిగాడు. “పెద్దయ్యా, నీళ్ళు తుడిచింది నువ్వే గదా. చెప్పవా?”

“తుడిచాను,” అన్నాను.

“నేల తుడిచేవాళ్ళ మాట లెక్కలోకి రాదు,” అంది మేడమ్.

“ఒప్పేసుకో పెళ్ళికొడకా,” అని ఆమె పక్కనున్న లో అనే సభ్యుడు నవ్వాడు. “రైలు పోతే పిల్ల ఇంకోణ్ణి చూసుకుంటుంది.”

ఫాన్‌జియాంగ్ గడియారం చూసుకున్నాడు. “సరే. పొట్లం వల్లే ఆగింది.”

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కారణం తేలింది గనుక అతన్ని వదిలారు. తప్పు ఒప్పుకున్నాడు గనుక ఇక పనిలోకి రానక్కర్లేదన్నారు. పెళ్ళికి అందుకున్నాడు.

మర్నాడు పొద్దున యంత్రం మీద కొత్త ఆకుపచ్చ పొట్లం ఉంది. తైపే నుంచి కారులో వచ్చింది. యంత్రం ముందు కొత్త ఇంజనీరు ఉన్నాడు. బస్సులో వచ్చాడు. గొట్టం మళ్ళీ కారుతోంది. కింద బాల్చీ పెట్టాను.

మేడమ్ వచ్చి చూసింది.

“ఆకుపచ్చ బాల్చీ పెట్టు,” అంది.

పెట్టాను.