కాఫీ డబ్బాల్లో కోచ్‌లు

శుక్రవారం ఉదయం వెండెల్ ప్రాట్ పెట్టుకున్న పనులు రెండే. కొత్తగా పరిచిన ప్లాస్టిక్ గడ్డి మీద కుర్రాళ్లెవరూ చూయింగ్ గమ్ ఉమ్మకుండా చూడటం ఒకటి. మర్నాడు ఆ మైదానానికి రిబ్బను కత్తిరించబోయే ఆర్డిస్ రస్టాడ్ గారిని ఎండ పడని కుర్చీలో కూర్చోబెట్టడం రెండోది. రెండోదే అసలు పని. సోమవారం కాలేజి బోర్డు కూర్చుంటుంది. వెండెల్ ఇంకో ఏడాది కోచ్‌గా ఉండాలా వద్దా అన్నది అక్కడ తేలుతుంది. ఆ బోర్డులో ఆర్డిస్ మాట్లాడాక ఇంకెవరూ మాట్లాడరు.

అయోవా రాష్ట్రంలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న టోర్విక్ కాలేజిలో ఫుట్‌బాల్, అంటే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట, మొదలై వందేళ్లు దాటింది. అన్నేళ్లకు తగిన గెలుపులు లేవు గానీ సంప్రదాయాలకు మాత్రం లోటు లేదు. వ్యాయామశాల వసారాలో పాత కోచ్‌ల ఫొటోలు వరుసగా ఉంటాయి. మొదటివాడు లాటిన్ పంతులు. ఎత్తుగడలన్నీ లాటిన్‌లోనే అరిచేవాడట. అవతలి జట్టుకు ముక్క అర్థమయ్యేది కాదు, ఇవతలి జట్టుకూ అయ్యేది కాదు. ఆ గందరగోళంలో గెలిచిన ఒక్క ఆటను కాలేజి ఇప్పటికీ తలుచుకుంటుంది. తర్వాతి ఫొటో హేగన్‌ది. చేతిలో ఉన్న బంతిని గాలిలోకి విసరడం నిజాయితీపరుడు చేసే పని కాదని, చివరిదాకా తన జట్టును విసరనివ్వలేదు. ఆ పక్కన లూండే, ఏం చేసినా ఓడిపోయే మనిషి. చివరగా టిల్మన్ రస్టాడ్. ముప్పై ఏళ్లున్నాడు, గెలిచాడు. ఆయన తర్వాత వచ్చిన వాళ్లందరి కష్టాలకూ మూలం అదే.

ఆ వచ్చినవాళ్లలో ఇద్దరి ఫొటోలు గోడ మీద లేవు. పొమ్మనిపించుకున్న కోచ్‌కు ఫొటో ఉండదు. గౌరవంగా దిగిపోయినవాడికే చోటు. రస్టాడ్ పక్కన ఒక మేకు ఖాళీగా ఉంది. రోజూ పొద్దున్నే వెండెల్ ఆ మేకు ముందు ఒక్క క్షణం ఆగుతాడు. షూ లేసు కట్టుకోవడానికి ఆగానని తనకు తాను చెప్పుకుంటాడు. అతని బూట్లకు లేసులుండవు.

గోడ మీద చోటు దొరికినవాడికి మరో గౌరవం కూడా ఉంది. పోయాక బూడిదను మైదానంలో కలుపుతారు. హేగన్ ఆఖరి కోరికతో మొదలైన ఆచారం అది. ఆయన్ని సరిగ్గా మధ్యలో, యాభై గజాల గీత మీద కలిపారు. లూండేని గోల్ గీత అవతల కలిపారు. బతికుండగా ఆయన జట్టు అక్కడిదాకా వెళ్లిన సందర్భాలు తక్కువ. రస్టాడ్‌ని హేగన్ పక్కనే కలిపారు. పధ్నాలుగేళ్ల కిందట ఆయన భార్య ఆర్డిస్ నల్ల కోటు వేసుకుని, జాడీ వంచి, ఊరంతా చూస్తుండగా బూడిద పోసింది. ఆ రోజు వెండెల్ సహాయ కోచ్‌గా టోపీ చేతిలో పట్టుకుని వెనక వరుసలో నిలబడ్డాడు. ఏడుపొచ్చింది. అది దుఃఖం కాదని, అసూయని అతనికి తర్వాతెప్పుడో తెలిసింది.

అదే శుక్రవారం, ఇంకా కాఫీ చల్లారకముందే ఫోన్ మోగింది.

"వెండెల్, నేను ఆర్డిస్‌ని."

ఊళ్లో పళ్ల డాక్టరు దగ్గర్నుంచి పాస్టరు దాకా అందరూ అతన్ని కోచ్ అనే పిలుస్తారు. ఆర్డిస్ ఒక్కతే వెండెల్ అంటుంది. ఆమె దృష్టిలో ఆ ఊరికి కోచ్ ఒక్కడే, ఆయన పోయాడు.

"చెప్పండి ఆర్డిస్ గారూ."

"పాత గడ్డి అంతా తవ్వేశారట కదా నాయనా. మరి మా ఆయన్ని ఏం చేశారు?"

ఆ ఎండాకాలమంతా వెండెల్ మురుగు గొట్టాల గురించి, గడ్డి రంగు గురించి, గీతల వెడల్పు గురించి ఆలోచించాడు. చచ్చిపోయినవాళ్ల గురించి ఆలోచించలేదు. అతనిలో చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఎదుటివాళ్ల గొంతులో ఆశ వినిపిస్తే చాలు, దానికి సరిపోయే జవాబు అతని అనుమతి లేకుండానే బయటికి వచ్చేస్తుంది. ఇప్పుడు ఆర్డిస్ గొంతులో ఏదో వణికింది. అది ఆశేనని అతను అనుకున్నాడు.

"భద్రంగా ఉన్నారండీ. తవ్వకముందే ఆ చోట మట్టిని విడిగా తీయించాను. నా గదిలోనే ఉంది."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"నీ గదిలోనా?"

"డబ్బాలో. మూత కూడా ఉందండీ."

"ఓహో," అని ఆర్డిస్ ఫోన్ పెట్టేసింది. ఆ ఓహో కృతజ్ఞతేనని వెండెల్ నమ్మాడు.

మైదానం చూసుకునే లైల్ షెడ్డులో డోనట్ తింటూ కనిపించాడు.

"లైల్, పాత గడ్డి ఎక్కడుంది?"

"పోయింది."

"ఎక్కడికి పోయింది?"

"లారీలో పోయింది, కోచ్."

"ఆ లారీ ఎక్కడికి పోయిందయ్యా?"

లైల్ వేళ్లకంటిన పంచదార నాక్కుంటూ ఆలోచించాడు. "చెప్తే నువ్వు అరుస్తావు."

"అరవను."

"సెయింట్ ఓడో వాళ్లు పట్టుకెళ్లారు. కొత్తగా ప్రాక్టీసు మైదానం వేసుకున్నారట. మట్టి బాగుందన్నారు, మట్టీ ఇచ్చేశాం."

వెండెల్ అరవలేదు. ఒక బస్తా మీద కూర్చున్నాడు. సెయింట్ ఓడో అంటే నది అవతలి క్యాథలిక్ కాలేజి. రేపు ఆడబోయేది వాళ్లతోనే. హేగన్, లూండే, రస్టాడ్ ముగ్గురూ వాళ్లనే తిడుతూ బతికారు. ముగ్గురూ లూథరన్లు, క్యాథలిక్కులంటే గిట్టని ప్రొటెస్టెంటు శాఖవాళ్లు. రస్టాడ్ అయితే నది అవతల పెట్రోలు కూడా పోయించుకునేవాడు కాదు. ఇప్పుడాయన మీద సెయింట్ ఓడో కుర్రాళ్లు రోజూ పొద్దున గుంజీలు తీస్తున్నారు.

మనిషి తనను తాను ఎలా ఒప్పించుకుంటాడో వెండెల్‌కు బాగా తెలుసు, ఓడిన ప్రతి ఆట తర్వాతా అదే చేశాడు కనుక. మట్టి మట్టే కదా అనుకున్నాడు. అభిమానం ముఖ్యం అనుకున్నాడు. ఖాళీ కాఫీ డబ్బా ఒకటి చంకలో పెట్టుకుని, ఎవరూ చూడకుండా కాలేజి ప్రార్థనామందిరం, చాపెల్ ముందున్న పూలపాదు దగ్గరికి వెళ్లాడు. మట్టి ఎవరో ఈమధ్యే తిరగేసినట్టు గుల్లగా ఉంది. చేతులతోనే తవ్వచ్చు. అదృష్టం తనవైపే ఉందనుకున్నాడు.

గదికి వచ్చేసరికి క్రీడల డైరెక్టరు కార్లా గుమ్మంలో నిలబడి ఉంది.

"కోచ్, హేగన్ గారమ్మాయి ఫోన్ చేసింది. రస్టాడ్ గారిని భద్రపరిచారంట కదా, మా నాన్న కూడా ఉన్నారా అని అడిగింది."

"ఆమెకెవరు చెప్పారు?"

"ఆర్డిస్ గారు చర్చిలో ఒకావిడకి చెప్పారంట. ఇంక చెప్పేదేముంది. నేను ఉన్నారనే చెప్పాను. ఒకాయన్ని తీసి ఇంకొకాయన్ని వదిలేస్తారా మీరు, అంత పక్షపాతమా?"

"లేదు," అన్నాడు వెండెల్. "ఉన్నారు."

"లూండే?"

"ఉన్నాడు."

మధ్యాహ్నానికి పూలపాదులో ఇంకో రెండు గుంతలు పడ్డాయి. మూడు డబ్బాల మీదా కార్లా పేర్లు అతికించింది. కాలేజి ప్రెసిడెంటుకు ఈ సంగతి తెలిసి కళ్లు చెమర్చాయి. ఆయన కళ్లు చెమర్చాయంటే సభ పెట్టాల్సిందే. గోల్ గీత వెనక ప్లాస్టిక్ గడ్డిని గుండ్రంగా కత్తిరించి చిన్న మడి చేయమన్నాడు. ప్రారంభోత్సవం పత్రాలు మళ్లీ అచ్చువేయించాడు. వాటి మీద 'మన కోచ్‌ల పునరాగమనం' అని ఉంది.

సాయంత్రం ఇంటి వెనక బొగ్గుల గ్రిల్ మీద సాసేజులు తిప్పుతుంటే భార్య కోనీ అతని చేతులు చూసింది.

"నీ గోళ్లలో ఆ మట్టేంటి?"

"హేగన్."

కోనీ నమలడం ఆపింది. "మొత్తం చెప్పు."

చెప్పాడు. ఆమె చివరిదాకా విని, ఇంకో సాసేజు వడ్డించుకుంది.

"పోయింది, క్షమించండి అంటే పోయేది కదా."

"ఆమె బాధపడేది."

"ఆమె బాధపడుతుందని కాదు. సోమవారం బోర్డులో నీకు వ్యతిరేకంగా మాట్లాడుతుందని. ఆ మేకు కోసం నువ్వు పూలపాదు తవ్వుకున్నావు, కోచ్." కోనీ అతన్ని కోచ్ అంటే కోపం వచ్చిందని అర్థం. "నీ ఫొటో నేను ఇంట్లో తగిలిస్తానన్నాను కదా."

"ఇంట్లో ఎవరు చూస్తారు?" అన్నాడు వెండెల్. అన్నాక సాసేజు మాడింది.

శనివారం ఊరంతా మైదానంలో ఉంది. ఆర్డిస్ నీడలో ఉన్న కుర్చీలోనే కూర్చుంది. అదే నల్ల కోటు. ముఖం పాలిపోయి ఉంది. భక్తితో అనుకున్నాడు వెండెల్. ఆమె పక్కన హేగన్ కూతురు చేతిరుమాలుతో, ఆ పక్కన చక్రాల కుర్చీలో లూండే భార్య కునుకుపాట్లతో. పాస్టర్ ప్రార్థన చేసి మొదటి డబ్బా మూత తీశాడు. రస్టాడ్ ఫొటో పట్టుకుని నలుగురు ఆటగాళ్లు తలలు వంచారు. డబ్బా వంగింది. మట్టితో పాటు ఉల్లిపాయంత గుండ్రటి వస్తువొకటి దొర్లుకుంటూ వచ్చి ఆర్డిస్ బూటుకు తగిలి ఆగింది.

ఆమె వంగి తీసింది. తిప్పి చూసింది. ఆమె చూడటానికి చాలాసేపు పట్టినట్టు వెండెల్‌కు అనిపించింది.

"ఇది తులిప్ దుంప," అంది. "చాపెల్ ముందు మొన్న మంగళవారం నాటాను. నా చేతులతో."

పాస్టర్ డబ్బాలోకి తొంగిచూశాడు. రెండోది అక్కర్లేదన్నట్టు పక్కన పెట్టాడు. ప్రెసిడెంటు వెండెల్ వైపు చూశాడు. కార్లా ఆకాశం వైపు చూసింది. వెండెల్ నోరు తెరిచాడు. మొదటిసారి ఆ నోట్లోంచి ఎవరికీ సరిపోయే జవాబు రాలేదు.

అప్పుడు అవతలి జట్టు వైపు నుంచి సెయింట్ ఓడో కోచ్ లియో హావ్లిక్ నడుచుకుంటూ వచ్చాడు. మంచి మనిషి, అదే చిక్కు. చేతిలో బకెట్ ఉంది.

"మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. పత్రంలో చదివాను. ఏదో పొరపాటు జరిగినట్టుంది. మీవాళ్లు మా దగ్గరున్నారు. మా ప్రాక్టీసు మైదానంలో. ఎవరు ఎక్కడో తెలియక కొంచెం కొంచెంగా అన్ని వైపులనుంచీ తెచ్చాను." బకెట్ కింద పెట్టాడు. "కంగారేం లేదు. మా ఫాదర్ పొద్దున్నే దీవెన నీళ్లు చల్లారు."

"ఏం చల్లారు?" అన్నాడు పాస్టర్.

"దీవెన నీళ్లు. ముగ్గురికీ."

"లూథరన్ల మీదా? ఎవరినడిగి?"

"వాళ్లేం కాదనలేదండీ," అన్నాడు హావ్లిక్.

హేగన్ కూతురు లేచి నిలబడింది. మా నాన్న క్యాథలిక్కుల కాళ్ల కింద ఒక్క రాత్రి కూడా ఉండడానికి వీల్లేదంది. యాభై ఏళ్ల కిందటి ఆటగాళ్లు కొందరు, మోకాళ్లు వంగనివాళ్లే, పారలెక్కడున్నాయని లైల్‌ని అడిగారు. షెడ్డులో ఉన్నాయని లైల్ సంతోషంగా చెప్పాడు. ప్రెసిడెంటు మైకులో శాంతి శాంతి అంటున్నాడు. జనం కార్ల వైపు కదిలారు. ఆట మొదలు కాకముందే టోర్విక్ కాలేజి నది దాటి సెయింట్ ఓడో మైదానాన్ని తవ్వడానికి బయల్దేరింది. వందేళ్లలో ఆ జట్టు అంత ఐకమత్యంగా ముందుకు కదిలింది అప్పుడే.

ఆర్డిస్ ప్రెసిడెంటు చేతిలోంచి మైకు తీసుకుంది.

"కూర్చోండి," అంది. కూర్చున్నారు. "టిల్మన్ అక్కడ లేడు. ఇక్కడా లేడు. ఎప్పుడూ లేడు. ఆ రోజు నేను పోసింది మా గ్రిల్‌లోని బూడిద."

ప్రెసిడెంటు తన చేతిలోని పత్రాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ముప్పై ఏళ్లు ఈ మైదానానికిచ్చాడు. మా పెళ్లిరోజున ఆట, అమ్మాయి పుట్టినరోజున ఆట. పోయాకైనా ఇంట్లో ఉంటాడనుకున్నాను. కుట్టుమిషన్ గదిలో కిటికీ దగ్గర పెట్టాను. అక్కణ్ణుంచి మైదానం కనిపించదు. కావాలనే అక్కడ పెట్టాను." ఆమె వెండెల్ వైపు తిరిగింది. "చర్చిలో కాఫీ తాగుతుంటే అందరూ అడిగారు, మీ ఆయన్నేం చేశారని. నేను అడక్కపోతే ఏమనుకుంటారోనని నీకు ఫోన్ చేశాను. పోయిందండీ అంటావనుకున్నాను. హాయిగా ఏడ్చి ఊరుకునేదాన్ని. నువ్వు మూత కూడా ఉందన్నావు."

ఆమె గొంతులో వణికింది ఆశ కాదని, భయమని వెండెల్‌కు అప్పుడు తెలిసింది. పదకొండేళ్లుగా మనుషుల గొంతులు విని ఆటగాళ్లను ఎంచుకున్న మనిషతను. ఆ జట్టు అలా ఎందుకుందో కూడా అప్పుడే అర్థమైంది.

చక్రాల కుర్చీలోంచి లూండే భార్య కళ్లు తెరవకుండానే మాట్లాడింది. "మా ఆయన మాత్రం నిజంగానే అక్కడున్నాడు. ఇంట్లో పెట్టుకోవాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు."

ఆట ఆడారు. టోర్విక్ ఓడిపోయింది. ఆ సంగతి ఆ రోజు ఎవరూ ప్రత్యేకంగా గమనించలేదు.

సోమవారం సాయంత్రం ఫోన్ వచ్చింది.

"ఇంకో ఏడాది ఉండు," అంది ఆర్డిస్. "నీ అబద్ధం గురించి వాళ్లు మాట్లాడబోయారు. నాది పధ్నాలుగేళ్లది, ముందు దాన్ని తేల్చండన్నాను. ఊరుకున్నారు. దుంపలు మాత్రం మళ్లీ నాటాలి. వచ్చి గుంతలు తవ్వు, నీకు చేతనవుతుందిగా, కోచ్."

వెండెల్ ఫోన్ పెట్టి కోనీ పక్కన కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఆమె నన్ను కోచ్ అంది. ఇప్పుడు గోడ మీద మేకు గ్యారంటీ. కోనీ, నేను పోయాక నన్ను కూడా యాభై గజాల గీత దగ్గరే కలుపుతావుగా? ప్లాస్టిక్ అయినా సరే."

కోనీ అతని చేయి పట్టుకుని చాలా ప్రేమగా చూసింది.

"తప్పకుండా," అంది.

మర్నాడు గ్రిల్ శుభ్రం చేసిన కోనీ ఆ బూడిదను పారబోయకుండా కాఫీ డబ్బాలో పోసి మూత పెట్టింది.