హెరియట్‌కు గతకాల ధ్రువపత్రం

1814 నాటి ఇంగ్లండు నుంచి మిస్ హెరియట్ సోమవారం పదిన్నరకు మండల కార్యాలయానికి వచ్చి, ఆధార్ లేనందున రెండో కిటికీ దగ్గర వరసలో నిలబడింది. చారిత్రక నవల అచ్చు కావాలంటే అందులోని కాలం నిజంగా గడిచిపోయిందని గతకాల ధ్రువపత్రం జతచేయాలి. అందుకు కథానాయికను స్వయంగా హాజరుపరచాలి. హెరియట్ నాయికగా నెక్కంటి అమ్మాజీ నాలుగేళ్ళు కూర్చుని రాసిన ప్రేమ నవలను ప్రచురణకర్త ఆ పత్రం కోసమే ఆపాడు. గడువు ఆ సాయంత్రం వరకే.

నవల తెలుగులో ఉన్నందువల్ల హెరియట్ తెలుగే మాట్లాడుతుంది. అయినా గుమాస్తా శోభనాద్రి పేరడిగితే పలకలేదు.

"ఎవరైనా పరిచయం చేస్తేగానీ పరాయి మగాళ్ళతో మాట్లాడరండీ అక్కడ," అంది అమ్మాజీ.

"మా రెండో పిల్లా అంతేనమ్మా. కండక్టరు ఎక్కడికంటే నా మొహం చూస్తది," అని ఆయన పరిశీలన పత్రం మొదటి గడిలో 'ప్రస్తుతం' అని రాశాడు.

అమ్మాజీ పరిచయం చేసింది. హెరియట్ మోకాళ్ళు వంచి వందనం చేసింది. ఆయన దానికి 'గతం' వేశాడు. అమ్మాజీకి ప్రాణం లేచివచ్చింది.

"నేను బయట ఉన్నానండి. చెల్లెలు ఇంకా బయట లేదు," అంది హెరియట్.

శోభనాద్రి చప్పున కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. "ముందే చెప్పొద్దా తల్లీ! ఆ వరండాలో కూర్చో. ఫైళ్ళు ముట్టుకోకు."

"అది కాదండీ బాబూ! వాళ్ళకి బయట ఉండటమంటే, ఈడొచ్చిన పిల్లని ముస్తాబు చేసి విందులకి తిప్పడం. సంబంధాలవాళ్ళు చూడాలి కదండీ. పియానో కూడా వాయించాలి."

"మాదాన్ని పెళ్ళిచూపుల్లో కీర్తన పాడమన్నారు. జలుబుతోనే పాడింది," అంటూ 'ప్రస్తుతం' అని రాసుకున్నాడు శోభనాద్రి. "ఆస్తి?"

"నాన్నగారి తర్వాత ఇల్లు పినతండ్రి కొడుక్కి వెళుతుంది," అంది హెరియట్.

"ఇక్కడ చట్టం మారింది కదండీ!" అంది అమ్మాజీ ఆశగా.

"మారిందమ్మా. మా అక్కకీ వాటా వచ్చింది. పుట్టింటికి రాకపోకలుండాలని వదులుకుని సంతకం పెట్టేసింది."

నాలుగు వందల పన్నెండు పేజీల్లో మూడున్నర పేజీలు గతమని తేలాయి. కొవ్వొత్తులు, గుర్రబ్బండ్లు, రాత్రి అవసరాలకు మంచం కింద పెట్టే కుండ. మిగతాదాని మీద శోభనాద్రి 'సాంఘిక నవల' అని ముద్ర కొట్టాడు.

"రెండొందల ఏళ్ళండీ!" అంది అమ్మాజీ.

"ఏళ్ళు గడిచాయమ్మా, కాదనను. ఏళ్ళకి వేరే సెక్షనుంది."

గడవని కాలానికి తిరుగు ప్రయాణ అనుమతి ఇవ్వరు. కనుక హెరియట్‌ను స్థానికురాలిగా నమోదు చేసుకోమన్నారు. వార్డు, పిన్‌కోడు, ఓటీపీ అంటే ఏమిటో ఆమె అమ్మాజీని ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. 'తండ్రి లేదా భర్త పేరు' దగ్గర మాత్రం ఏమీ అడగలేదు. తండ్రి పేరు పొందికగా రాసి, పక్కన రెండో పేరుకు చోటు వదిలింది.