మా కత్తెర, మన పెట్టె

సొంతవాళ్ళకు మేలు చేయకుండా ఉండటానికి మనిషి ఇంతవరకు కనిపెట్టిన మార్గాలన్నిటిలోకీ నిష్పాక్షికత అత్యున్నతమైనది. పగ ఎప్పటికైనా చల్లారుతుంది. అసూయకు అలుపొస్తుంది. నిష్పాక్షికతకు మాత్రం ఒక సంఘం ఉంటుంది, ఆ సంఘానికి అధ్యక్షుడుంటాడు, ఆయనకు ఒక గుండ్రటి ముద్ర ఉంటుంది. ఇక దానికి అలుపేమిటి?

కంప్యూటర్లు తయారుచేసే ఒక పెద్ద సంస్థలో మొన్నటివరకు ఈ నిష్పాక్షికత లేదు. అక్కడ తయారయ్యే ప్రతి కంప్యూటర్‌లోనూ వీడియోలను కత్తిరించి అతికించుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ముందే ఎక్కించి, పెట్టెలో పెట్టి అమ్మేవారు. దాని పేరు కత్తెర. దాన్ని చేసేది కూడా ఆ సంస్థే, రెండో అంతస్తులో, పాత కుర్చీలు పడేసే గది పక్కన. సొంత కంప్యూటర్‌లో సొంత సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడం తప్పని పదకొండేళ్ళపాటు ఎవరికీ తోచలేదు. (తోచడం ఎవరి విధుల్లోకి వస్తుందో అప్పటికింకా తేలలేదు.)

ఆ గదికి పెద్ద ఒకావిడ. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. అందరికీ ఆవిడ కత్తెరక్క. చేతికింద ఒకే ఒక్కడు, వీడియోల్లో ధ్వని సంగతి చూసేవాడు. రోజు మొత్తం మీద మూడు మాటలకు మించి మాట్లాడడు కాబట్టి అతనికి ‘శబ్దం’ అని పేరు పెట్టారు.

కత్తెరకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుండేది. వీడియోలో మనిషి మూతి ముందు కదిలేది, మాట అర సెకను ఆలస్యంగా వచ్చేది. పదకొండేళ్ళుగా జనం తిట్టిపోశారు. కత్తెరక్క ఆ తిట్లన్నీ చదివింది, ఒక్కటి కూడా వదల్లేదు. ఈ ఏడాది ఆవిడా శబ్దం కలిసి ఎనిమిది నెలలు దాని అంతు చూశారు. ఒక మధ్యాహ్నం తెర మీద ఒక మనిషి “ఒకటి, రెండు, మూడు” అన్నాడు. మూతీ మాటా ఒక్కసారే వచ్చాయి. కత్తెరక్క ఆ మూడు అంకెలనూ రెండువందల సార్లు విని, పైటచెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

“ఈసారి పెట్టెలో ఇది వెళ్ళాలి తమ్ముడూ,” అంది. “తిట్టినవాళ్ళందరూ ఒక్కసారి చూడాలి. అది చాలు నాకు.”

“వెళ్తుందక్కా,” అన్నాడు శబ్దం.

సరిగ్గా ఆ వారమే సంస్థకు నిష్పాక్షికత పట్టుకుంది. అడగకుండానే సొంతదాన్ని పెట్టెలో పెట్టుకోవడం బంధుప్రీతి అని పైవాళ్ళకు తోచింది. పెట్టెలో ఏముండాలో తేల్చడానికి పెట్టె కూర్పు సంఘం వెలిసింది, ఏడుగురు సభ్యులతో. సభ్యుడు కావాలంటే జన్మలో ఒక్క వీడియో కూడా కత్తిరించి ఉండకూడదు. విషయం తెలిసినవాడికి అభిప్రాయాలుంటాయి, అభిప్రాయాలున్నవాడు నిష్పాక్షికంగా ఎలా ఉంటాడు? అధ్యక్షుడిగా అంతకుముందు కార్యాలయానికి కుర్చీలు ఎంపిక చేసిన పెద్దమనిషిని పెట్టారు. ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్ళు ఇప్పటికీ రోజూ ఆయన్ని తలుచుకుంటారు, ముఖ్యంగా లేచేటప్పుడు.

ఇంటివాళ్ళూ బయటివాళ్ళూ ఎవరైనా సరే, ఫారం పద్నాలుగు నింపి ఇవ్వవచ్చన్నారు. ఫారం అందగానే ఒక గుమాస్తా అందులోని పేర్ల మీద, ముద్రల మీద, బొమ్మల మీద నల్ల సిరా పూస్తాడు. ఏది ఎవరిదో సంఘానికి తెలియకూడదు. అయితే నిబంధనల చివర చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: ‘అన్నీ సమానంగా ఉన్న పక్షంలో మన సంస్థదానికే ప్రాధాన్యం ఇవ్వవలెను.’ ఎవరిదో తెలియకూడదు, మనదైతే ఇవ్వాలి. ఈ రెండు నిబంధనలనూ రాసింది ఒకే మనిషి, ఒకే పూట. (ఆయనకు ఆ తర్వాత పదోన్నతి వచ్చింది.)

కత్తెరక్క ఫారం ముందు పెట్టుకుని ఒక పూటంతా కూర్చుంది. మొదట ‘మన కత్తెర’ అని రాసింది. మళ్ళీ కొట్టేసింది.

“మన అంటే మరీ చనువు తీసుకున్నట్టుంటుందేమో,” అంది శబ్దంతో. “ఆయనేమో అధ్యక్షుడాయె. ఆయన్ని కూడా మనలో కలిపేసుకున్నట్టు ఉండదూ? సిఫారసు అడిగినట్టు కూడా అనుకుంటారు.”

“ఉంటుంది,” అన్నాడు శబ్దం.

కాబట్టి మర్యాదగా, అణకువగా, ప్రతి చోటా ‘మా’ అని రాసింది. మా సాఫ్ట్‌వేర్ పదకొండేళ్ళుగా వాడుకలో ఉంది. మా విభాగం ధ్వని లోపాన్ని సరిచేసింది. మా మనవిని మన్నించగలరు.

అవతల ఎదుటి సంస్థ కూడా ఫారం నింపింది. వాళ్ళు కంప్యూటర్లు చేయరు గానీ, వీడియో సాఫ్ట్‌వేర్ విషయంలో ఈ సంస్థకూ వాళ్ళకూ ఏళ్ళ తరబడి ఉప్పూ నిప్పూ. పోటీదారు సరుకు పేరు ఈ సంస్థ ఆవరణలో ఎవరూ పలకకూడదని పాత ఉత్తర్వే ఉంది. వాళ్ళ ఫారం నింపింది వాళ్ళ అమ్మకాల మనిషి. ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విప్పకముందే ‘మన ఇల్లే కదండీ’ అనే రకం. ఆయన ఫారం నిండా ‘మన’ అని రాశాడు. మన సాఫ్ట్‌వేర్, మన వినియోగదారులు, మన పెట్టె, మన గౌరవం.

సంఘం సమావేశమైంది. ముందు రెండు ఫారాలు, రెంటి నిండా నల్ల మరకలు. అన్నీ సమానంగా ఉన్నాయని సభ్యులు వెంటనే ఒప్పుకున్నారు, ఎందుకంటే ఏదీ అర్థం కాలేదు. ఇక తేలాల్సింది ఏది మనది అన్నదే. చిన్నప్పుడు బడిలో వ్యాకరణంలో బహుమతి అందుకున్న సభ్యుడొకాయన గొంతు సవరించుకున్నాడు.

“ఇందులో చిక్కేముందండీ? ‘మా’ అంటే మీరు కాక మేము. ‘మన’ అంటే మీరూ మేమూ కలిసి. బయటివాడు మనల్ని పట్టుకుని ‘మన’ అంటాడా? ఇదిగో, ఈ ఫారంలో అన్నీ ‘మా’లే. ఎంత పరాయితనం చూడండి!”

“మనసులో మనం లేకపోతే మాటలో ఎలా వస్తాం?” అన్నాడు అధ్యక్షుడు కళ్ళు చెమర్చగా.

ఏడు చేతులూ పైకి లేచాయి. అలా ఆ సంస్థ, కేవలం సొంతదాని మీది మమకారంతో, తన బద్ధశత్రువు సాఫ్ట్‌వేర్‌ను తన ప్రతి కంప్యూటర్‌లోనూ ఎక్కించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

కొత్త పెట్టెల్లో మొదటిదాన్ని హాల్లో అందరి ముందూ తెరిచారు. తెర వెలిగింది. ఎదుటివాళ్ళ గుర్తు, అరచేయంత, మధ్యలో మెరిసింది. హాల్లో చప్పట్లు మోగాయి. అధ్యక్షుడు నిండుగా నవ్వుతూ కత్తెరక్క దగ్గరికి వచ్చాడు.

“అమ్మా, భలే చేశారు!”

“సార్, ఇది మాది కాదండీ.”

“అదే నేనూ అంటున్నా. మాది కాదు, మనది!”

“అయ్యో, మనదీ కాదు సార్! ఎదుటివాళ్ళది!”

“తప్పమ్మా,” అన్నాడు అధ్యక్షుడు గొంతు తగ్గించి. “గెలిచాక మరీ అంత అణకువ పనికిరాదు.”

విషయం అర్థం కావడానికి ఆయనకు నాలుగు రోజులు పట్టింది. అర్థమయ్యాక మనిషి మింగలేక కక్కలేక అవస్థ పడ్డాడు. అప్పటికే పెట్టెలు లారీలెక్కాయి. ‘పునఃపరిశీలనకు అర్జీ పెట్టుకోండి’ అని కత్తెరక్కకు కబురు పంపాడు. తీరా చూస్తే అర్జీ పెట్టుకునే హక్కు ఓడిపోయిన బయటివాళ్ళకే ఉంది. ఇంటివాళ్ళు గెలిచారని రికార్డుల్లో ఉంది కాబట్టి, గెలిచినవాళ్ళు తమ గెలుపు మీద ఫిర్యాదు చేయడం కుదరదు. అందుకని పదకొండేళ్ళుగా పక్క గుమ్మంలోంచి వచ్చే మనిషి ఆ రోజు ముందు గేటు దగ్గర పేరు రాసి, సంతకం పెట్టి, మెడలో ‘సందర్శకులు’ అన్న కార్డు వేసుకుని, వచ్చేపోయేవాళ్ళ గదిలో రెండు గంటలు కూర్చుంది. ఎదుటి సంస్థ అమ్మకాల మనిషి ఉద్యోగి కార్డు వేసుకుని, చేతిలో క్యాంటీన్ టీతో అటుగా వచ్చాడు.

“ఎవరి కోసం వచ్చారండీ? లోపల ఎవరైనా మనవాళ్ళున్నారా?” అన్నాడు ఆప్యాయంగా.

కత్తెరక్క చెప్పాలనుకున్నది కార్డు వేసుకున్న ఆడమనిషి అనదగ్గ మాట కాదు.

తీర్పు నాలుగు పేజీలు వచ్చింది. పొరపాటు జరిగిన మాట వాస్తవమేనని సంఘం నిజాయితీగా ఒప్పుకుంది. అయితే దాన్ని సరిదిద్దాలంటే ఏది ఎవరిదో సంఘానికి తెలిసి ఉండాలి, తెలిస్తే నిష్పాక్షికత పోతుంది, కాబట్టి పొరపాటును యథాతథంగా కొనసాగించడమే న్యాయం అంది. ఇకపై గందరగోళం రాకుండా ఒక నిర్వచనం కూడా చేర్చింది: ‘పెట్టెలో ఉన్నది మనది. లేనిది పోటీదారుది.’

కత్తెర పెట్టెలో లేదు. అందుచేత కత్తెర పోటీదారు సరుకు. పోటీదారు సరుకు పేరు ఆవరణలో పలకకూడదన్న పాత ఉత్తర్వు ఎలాగూ ఉంది. మర్నాటినుంచి గుమాస్తాలు కాగితాలు కోసుకోవడానికి సామాన్ల గదికి వెళ్ళి ‘ఆ రెండు కాళ్ళది ఒకటివ్వండి’ అని అడగడం మొదలుపెట్టారు. ఒకాయన నోరు జారితే సంజాయిషీ రాయించుకున్నారు. కత్తెరక్కను అందరూ ఉత్త ‘అక్క’ అనసాగారు. (ఈ కథ కూడా ఆ ఆవరణలోనే జరుగుతోంది కాబట్టి మనమూ ఇకనుంచి అక్క అనే అందాం.)

రెండో అంతస్తు గదిలోకి పక్కగది కుర్చీలు వచ్చాయి. శబ్దాన్ని పెట్టెలకు టేపు అంటించే చోటికి మార్చారు. కొత్త సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు సందేహాలు అడిగితే చెప్పడానికి సహాయ కేంద్రం పెట్టాల్సి వచ్చింది. వీడియో కత్తిరించడం తెలిసిన మనిషి కోసం సంస్థంతా గాలించారు. ఒక్కరే దొరికారు.

అలా అక్క చెవికి ఫోను తగిలించుకుని, ఏళ్ళ తరబడి తన పనిని ఓడించాలని చూసినవాళ్ళ సరుకును ఎలా వాడాలో రోజంతా జనానికి ఓపిగ్గా నేర్పసాగింది. ప్రతి కాల్ రికార్డవుతుంది. ‘ఇది మనది కాదు’ అనడం ద్రోహం. పాత సాఫ్ట్‌వేర్ పేరెత్తడం నేరం. పది సెకన్లు మౌనంగా ఉంటే అద్దం అవతలి పర్యవేక్షకుడు పెన్నుతో అద్దం మీద కొడతాడు. ఎవరు ఏమంటే ఏమనాలో అచ్చువేసి ఎదురుగా అంటించారు. అక్క వాటినేమీ పట్టించుకోలేదు. ఆవిడ మనసు ఇంకా రెండో అంతస్తులోనే ఉంది. సరిచేసిన సాఫ్ట్‌వేర్ ఒక డబ్బాలో పడి ఉంది. ఎవరైనా ఎప్పటికైనా దాన్ని తెరవకపోతారా అని ఆవిడ ఆశ.

ఒక ఉదయం పదకొండింటికి కాల్ వచ్చింది.

“ఒసే, నువ్వేనా? నీ గొంతులా ఉందే!”

అక్క తల్లి. ఊళ్ళో కుట్టు టీచరు. చొక్కాకు కాలరు ఎలా వేయాలో, జేబు ఎలా తిప్పాలో వీడియోలు తీసి, దూరంగా ఉండి నేర్చుకునేవాళ్ళకు పంపుతుంటుంది.

“నేనేనమ్మా. ఇది ఆఫీసు ఫోను. ఏమైంది?”

“ఏమీ కాలేదు. నువ్వేమో పగలు ఫోనెత్తవు, పెట్టె మీద ఈ నంబరుంటే చేశా. కొత్త కంప్యూటర్ తెచ్చుకున్నానే. అబ్బ, ఎంత బాగా చేశావే ఈసారి! మూతీ మాటా ఒక్కసారే వస్తున్నాయి. ఇదివరకు ‘ఇక్కడ కత్తిరించకండి’ అని నా మాట వినబడేసరికే వాళ్ళు కత్తిరించేసేవాళ్ళు. ఎన్ని కాలర్లు తగలేశారో!”

“అమ్మా, అది...”

ఎర్ర దీపం వెలుగుతోంది. కాల్ రికార్డవుతోంది.

“ఆఁ, ఏంటి?”

“ఏం లేదులే, చెప్పు.”

“ఏం చెప్పను? పదకొండేళ్ళూ బాగుంది, బాగుంది అని చెబుతూ వచ్చా కదా నీకు. అబద్ధమేనే. నువ్వు చేసింది కదా, ఏమన్నా అంటే మనసు కష్టపెట్టుకుంటావని. ఇప్పుడు మాత్రం నిజం చెబుతున్నా. ఇన్నేళ్ళకు కుదిరింది తల్లీ నీకు పని. నా కడుపు నిండిపోయింది.”

అక్క ఎదురుగా అంటించిన కాగితం కేసి చూస్తూ కూర్చుంది. అద్దం అవతల పర్యవేక్షకుడు గడియారం చూసి, పెన్నుతో రెండుసార్లు కొట్టాడు.

“మన ఉత్పత్తిని మెచ్చుకున్నందుకు ధన్యవాదాలు,” అంది అక్క. “మీకు ఇంకేమైనా సాయం కావాలా?”