ఒకటో నంబరు గుడిసె

ఆ రోజు చలపతిరావు వేసుకున్న పథకం సులువైనదే. పొద్దున్నే పరదా దించాలి, పదకొండింటికి కొనేవాళ్ళు రావాలి, భోజనాల వేళకు ప్లాట్లు చేతులు మారాలి.

నాచారంలో అతనికి కలప డిపో ఉంది. మౌలాలిలో కూలగొడుతున్న ఓ పాత రైల్వే బంగళా తలుపులు కొన్నప్పుడు, వాటితో వచ్చిన అలమరలో ఒక బొమ్మల పుస్తకం దొరికింది. వందేళ్ళ కిందటి ఇంగ్లండు పల్లె అందులో పేజీకో పనిగా ఉంది. గుర్రానికి లాడం కొట్టే కమ్మరి, చక్రం బిగించే వడ్రంగి, రొట్టెలు కాల్చే ఆమె, గడ్డితో ఇంటి కప్పు వేసే మనిషి. కావలసినదంతా ఆ ఊరు తనకు తానే చేసుకుంటుంది. బయటి సరుకు తెచ్చి అమ్మేవాడికి అక్కడ చోటే లేదు. బుద్ధెరిగాక అమ్మకం తప్ప ఎరగని చలపతిరావు ఆ బొమ్మలు చూసి నోరు తెరిచాడు. అది మూసేలోపే ఇందులో బేరం ఉందని గ్రహించాడు.

పారిశ్రామికవాడ వెనక అతనికున్న రెండెకరాలకు ‘ఇంగ్లీషు పల్లె’ అని పేరు పెట్టి, చుట్టూ ఎత్తుగా పరదా కట్టించాడు. లోపల రోడ్డు వారగా వరిగడ్డి కప్పులతో నాలుగు కుటీరాలు, ఒక కొలిమి లేచాయి. పుస్తకంలో మే నెల పండుగ బొమ్మలో ఉన్నట్టే నడుమ పొడవాటి గుంజ పాతించి, దాని కొసనుంచి ఎర్ర రిబ్బన్లు వేలాడదీయించాడు. అక్కడి పిల్లలు వాటిని పట్టుకుని గుంజ చుట్టూ ఆడతారట.

పరదా దిగగానే భార్య రాజ్యం నడుము మీద చేయి వేసుకుని చూసింది. “ఈ గడ్డి కొంపలు వద్దనే కదండీ పాలకొల్లు వదిలి వచ్చాం?”

“అవి కొంపలు, ఇవి కాటేజీలు. తేడా కొనేవాడికి తెలుస్తుందిలే.”

ఇంకో తేడా అతను లెక్కలోకి తీసుకోలేదు. అది రెండువేల ఏడో సంవత్సరం. ఖాళీ జాగాలో ఉన్నట్టుండి గుడిసెలు కనబడి, వాటి నడుమ కర్రకు ఎర్రగుడ్డ వేలాడిందంటే భూపోరాటం మొదలైందని నగరం అంచున పసిపిల్లలు కూడా చెప్పే కాలం.

కాసేపటికి నెత్తిన మూటతో తారామణి వచ్చింది. రోడ్డవతల అద్దె గదుల బస్తీ ఆమెది. ఏటా ఖాళీ చేయమంటే ఏటా మూట కట్టే మనిషి.

“ఏందన్నా, గుడిసెలేసిన్రు, మాకొక్క మాట జెప్పరా?”

పల్లెవాసుల్లా తిరగడానికి మనుషుల్ని పంపుతానన్న కాంట్రాక్టరు ఈమెను పంపాడనుకున్నాడు చలపతిరావు. “నువ్వు ఆలస్యంగా వచ్చి నన్నంటావా? ఒక్కదానివేనా? ఊరు నిండుగా కనబడాలమ్మా. అందరినీ పిలువు.”

“అందర్నా?”

“చేతిపని వచ్చినవాళ్ళయితే మరీ మంచిది. సామాను ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.”

“మరి జాగ?”

“నచ్చిన చోట సర్దుకోండి. పదకొండింటికల్లా స్థిరపడిపోవాలి.”

తారామణి కళ్ళు తడిశాయి. “నీ కడుపు సల్లగుండ, అన్నా!”

కూలికి వచ్చిన మనిషికి ఇంత కృతజ్ఞత ఎందుకో అతనికి అర్థం కాలేదు. పుస్తకంలో ఆడవాళ్ళు పెట్టుకున్నటువంటి తెల్ల కుచ్చుల టోపీల కట్ట ఆమె చేతిలో పెట్టాడు. “ఇవి పెట్టుకోండి. అందరూ ఒక్కలా కనబడాలి.”

“మస్తు తెలివన్నా నీది! పోలీసోళ్ళు గుర్తువట్టరు.”

ఆ మాట వినకుండానే అతను కొలిమివైపు వెళ్ళిపోయాడు.

తొమ్మిది దాటేసరికి చలపతిరావు నిలబడినచోటే నిలబడిపోయాడు. బస్తీ నుంచి కమ్మరి సాంబయ్య సొంత సుత్తితో వచ్చి కొలిమి రాజేశాడు. అలంకారానికని పెట్టిన బండి చక్రం ఇనుప పట్టా వదులైందని, దాన్ని ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్ళు గుమ్మరించాడు. బుస్సున ఆవిరి లేచి పట్టా బిగుసుకుంది. ఒకామె జొన్నరొట్టెలు చరుస్తోంది. ఒకాయన చెప్పులు కుడుతున్నాడు. మేకలు కూడా వచ్చాయి. అచ్చం పుస్తకం. కాదు, పుస్తకానికి ఈ వాసనలు లేవు.

అప్పుడు కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. “సారీ సార్, మనుషులు దొరకలేదు. ఇవాళ ఒక్కరూ రారు.”

చలపతిరావు ఊరివైపు మళ్ళీ చూశాడు. ఈసారి మేకులు కనబడ్డాయి, మేకు నుంచి మేకుకు తాళ్ళు కనబడ్డాయి.

“ఏం చేస్తున్నావమ్మా?” అని తాడు బిగిస్తున్న తారామణిని అడిగాడు.

“హద్దులన్నా. ముందుగాల గుడిసె ఏసినోనివి, నీది ఒకటో నంబర్. నాది రెండు.”

“తీసేయండి! ఈ భూమి నాది!”

“మరి? మనదే!” అంది తారామణి. “భూమి మనదే!” అని జనమంతా అందుకున్నారు.

ఆ కేక ఆగకముందే తహసీల్దారు అచ్యుతరావు జేసీబీతో దిగాడు. “లీడరెవరు?”

వేళ్ళన్నీ ఎంతో అభిమానంగా చలపతిరావువైపు తిరిగాయి.

“సార్, నేను యజమానిని!”

“వారం నుంచి గుడిసెలు పీకిస్తున్నాను. వెళ్ళినచోటల్లా యజమానులే తగులుతున్నారు. కాగితాలేవీ?”

“బ్యాంకులో ఉన్నాయి సార్.”

“అందరివీ ఎక్కడో ఒకచోట ఉంటాయి.”

గుడిసెలు పీకిన జాగా అని రికార్డులో ఒక్కసారి పడితే ఆ భూమిని ఇక పుణ్యానికి కూడా ఎవరూ తీసుకోరు.

జేసీబీ గుంజమీదికి కదిలింది. “జెండా ముట్టనియ్యకున్రి!” అని తారామణి ఉరికింది. వెనకే ఆడవాళ్ళంతా తెల్ల టోపీలతో ఉరికారు. తలా ఒక రిబ్బను పట్టుకుని గుంజ చుట్టూ నిలబడ్డారు. ఊరికే నిలబడితే భయం వేసింది కాబోలు, ఎవరో పాట ఎత్తుకున్నారు. బతుకమ్మకు వేసే అడుగే పడింది. ఎర్ర రిబ్బన్లు ఒకదానిలో ఒకటి అల్లుకుంటూ గుంజ వెంట కిందికి దిగాయి. డ్రైవరు ఇంజను ఆపేశాడు. నేర్పినవాళ్ళెవరూ లేకుండా పుస్తకంలోని పేజీ ఒకటి మట్టిమీద తిరుగుతూ ఉంటే, చలపతిరావు తన భూమి పోతున్న సంగతే మరిచిపోయాడు.

అంతలో కార్లు ఆగాయి. కొనడానికి వచ్చిన రిటైర్డు సైంటిస్టు భూషణం చప్పట్లు కొడుతూ దిగాడు. “అద్భుతమండీ చలపతిరావుగారూ! చివరికి యంత్రం వచ్చి పల్లెను మింగబోవడం కూడా చూపించారు!” తహసీల్దారు చేయి పట్టుకుని ఊపాడు. “మీ వేషం మరీ సహజంగా ఉంది.”

అచ్యుతరావు భూషణం చేతిలోని బ్రోచరు లాక్కున్నాడు. దానిమీద చలపతిరావు ఫొటో, సర్వే నంబరు ఉన్నాయి. తన ఫైలుతో పోల్చి చూసుకున్నాడు. “ముందే చెప్పొద్దా?”

“చెప్పాను సార్.”

జేసీబీ వెనక్కి వెళ్ళిపోయింది. భూషణం రెండు ప్లాట్లు తీసుకుంటానన్నాడు. “కానీ ఊరు ఇలాగే ఉండాలి, మనుషులతో సహా. రేపు లేచిపోయే ఊరైతే నాకొద్దు.” వెనకాల వచ్చినవాళ్ళు తలలూపారు.

తారామణి రిబ్బను వదిలేసి వచ్చింది. “భూమి నిజంగనే నీదా? మరి పిలిసినవ్ గద? నచ్చిన జాగల సర్దుకోమన్నవ్ గద?” టోపీ తీసి అతని ముందు పెట్టి, మూటకోసం వెతుక్కుంది.

చలపతిరావు మనసులో లెక్క వేశాడు. వీళ్ళు వెళితే కొనేవాళ్ళూ వెళతారు. వీళ్ళుంటే రోడ్డు వారగా ఒక వరస పోతుంది. లెక్క అంతటితో తేలింది కానీ, అతని చూపు మాత్రం ఆ గుంజ దగ్గరే ఆగిపోయింది.

“పిలిచాను,” అన్నాడు. “రోడ్డు పక్క వరస మీది. టోపీ పెట్టుకో.”

రాజ్యం ఆ వరస పొడవునా చూసింది. “ఆ వరసలోనే కదండీ మన కాటేజీలున్నాయి? మనకేమైనా మిగిలిందా?”

“ఫికర్ జేయకక్కా,” అంది తారామణి టోపీ సర్దుకుంటూ. “ఒకటో నంబర్ అన్నకే ఉంచినం.”

తన భూమిలో తనకు జాగా దొరికినందుకు చలపతిరావు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.