పత్తిచేలో ఉపవాస ప్రార్థన

1986 దసరా సెలవుల్లో, గురువారం ఉదయం ఆరు గంటలకు ప్రేమమ్మ ఆముదం తాగింది. మర్నాడు గుంటూరులో డాక్టరు కొసన దీపమున్న గొట్టం పెట్టి ఆమె పెద్దపేగు చూస్తాడు. అప్పటికి కడుపు ఖాళీగా ఉండాలి. నెల రోజులుగా దొడ్డికెళ్తే రక్తం పడుతోంది.

“దేవుడికి తెలుసు, డాక్టరుకి తెలుసు, నీకు తెలుసు. నాలుగో మనిషికి తెలిసిందా, నేను బస్సెక్కను,” అని భర్త మరియదాసుతో చెప్పింది. సత్తెనపల్లి దగ్గర ఓ ఊరి బడిలో ఆమె టీచరు. పిల్లలు నవ్వుతారని భయం.

కాసేపటికి పక్కింటి కొండమ్మ గోంగూర పచ్చడి తెచ్చింది.

“వద్దొదినా, ఇవాళ ఏం తినను.”

“ఉపవాసమా? చెప్పవేమే!”

ప్రేమమ్మ కాదనలేదు. అక్కడే పని చెడింది.

టీచరమ్మ ఒక్కతే ఉపవాసముంటే ఎలాగని పేటలో ఆడవాళ్ళంతా పొయ్యిలార్పి వచ్చారు. పాస్టరు జక్రయ్యగారు బైబిలు పట్టుకొచ్చి అరుగు మీద కూర్చున్నారు. పాట మొదలైంది. రెండో చరణంలో ఆముదం పనిచేసింది.

ప్రేమమ్మ లేచి ఇంటి వెనక పత్తిచేలోకి పరుగెత్తింది. వచ్చి కూర్చుంది. మళ్ళీ పరుగెత్తింది.

“ఎక్కడికంట?” అంది కొండమ్మ.

“ఒంటరిగా ప్రార్థన చేసుకోడానికి,” అన్నాడు మరియదాసు. భార్య పరువు కాపాడాననుకున్నాడు.

పాస్టరుగారి కళ్ళు చెమర్చాయి. “చూశారా ఆమె భారం! ప్రభువు కూడా ఏకాంతంగానే ప్రార్థించాడు. లేవండమ్మా, తలా ఒక సాలు పట్టండి.”

ప్రేమమ్మ మూడోసారి వెళ్ళేసరికి సాలుకొకరు మోకాళ్ళ మీద ఉన్నారు. తూర్పు గట్టుకి పోతే అక్కడ కొండమ్మ. పడమటికి పోతే పాస్టరుగారు మోకరించబోతున్నారు.

“ఆ సాలొద్దు అయ్యగారూ!”

“ఏ సాలైనా ప్రభువుదేనమ్మా.”

ప్రేమమ్మ కడుపు పట్టుకుని గట్టెక్కింది.

“లేవండి! అందరూ లేవండి! నాకు రక్తం పడుతోంది. రేపు డాక్టరు కిందనుంచి గొట్టం పెట్టి పేగు చూస్తాడు. అందుకే ఆముదం తాగా. దొంగతనం చేశానా, సిగ్గుపడ్డానికి? బస్సెక్కుతా, చూపించుకుంటా. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, ముందు చేను ఖాళీ చెయ్యండి!”

ఎవరూ నవ్వలేదు. చేను ఖాళీ అయింది.

మర్నాడు బస్సులో వాళ్ళ వెనక సీట్లో పాస్టరుగారు కనిపించారు.

“మాకు తోడుగానా అయ్యగారూ?” అన్నాడు మరియదాసు.

“నాకూ ఏడాదిగా పడుతోంది మరియదాసూ. నిన్నెటూ తినలేదు కదా,” అన్నారాయన గొంతు తగ్గించి.

ప్రేమమ్మ పేగులో ఉన్నది చిన్న పుండేనని, మందులతో మానుతుందని డాక్టరు చెప్పాడు. పాస్టరుగారిని మాత్రం వెనక్కి పంపాడు. ఉపవాసం ఒక్కటే చాలదని, ఆముదం తాగి రమ్మన్నాడు.