పద్నాలుగో నంబరు స్థలానికి హక్కుదారులు

అడవి అన్నది ఆరు నెలల ముందుగా అనుమతి తీసుకున్నవారి కోసం మాత్రమే పుట్టిన ప్రదేశం. ఈ సంగతి మా స్ట్రాడర్ కోట ఉద్యానవనం నియమావళి మొదటి పేజీలోనే ఉంది. (ఆ మాటల్లో లేదు. నాలుగో పేజీకి వచ్చేసరికి మనకే అర్థమవుతుంది.)

రెండువందల నలభై చిల్లర ఏళ్ళ కిందట కెప్టెన్ ఎజికియేల్ స్ట్రాడర్ అనే పెద్దమనిషి కొండలు దాటి వచ్చి, ఎవర్నీ అడక్కుండా ఇక్కడ దుంగలతో కోట కట్టుకున్నాడు. ఆయన సాహసానికి గుర్తుగా ఇప్పుడు అక్కడ అడక్కుండా ఎవరూ ఒక మేకు కూడా దిగ్గొట్టకూడదు.

గుడారం వేసుకునే స్థలాలు మొత్తం ముప్పై ఒకటి. జూన్‌లో కావాలంటే జనవరిలో ఒకానొక ఉదయం సరిగ్గా ఎనిమిది గంటలకు యాప్‌లో మీట నొక్కాలి. నేను ఎనిమిది గంటల నాలుగో సెకనుకు నొక్కాను. "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అంది యాప్.

అప్పటికే మా అమ్మాయి ఓపల్‌కు మాట ఇచ్చేశాను, ఆరో పుట్టినరోజుకు ఇద్దరం గుడారంలో పడుకుంటామని. ఓపల్ ఆ మాట తన క్లాసులో అందరికీ చెప్పింది. బడి బస్సు డ్రైవరుకు చెప్పింది. పళ్ళ డాక్టరుకైతే ఆయన చెయ్యి తన నోట్లో ఉండగానే చెప్పింది. ఇంక వెనక్కి తగ్గే దారి లేదు. ఎవరో ఒకరు రద్దు చేసుకోకపోతారా అన్న ధైర్యంతో, మా బావ దగ్గర అరువు తెచ్చిన గుడారం, మూడు టార్చిలైట్లు, పిడుదులు కుట్టకుండా ఒకటి, దోమలు కుట్టకుండా ఒకటి, ఆ రెండూ పడక దద్దుర్లు వస్తే రాయడానికి ఇంకొకటి కారులో వేసుకుని బయల్దేరాను.

గేటు దగ్గర రేంజర్ డ్వైట్ పెనింగ్టన్ ఉన్నాడు. టోపీ దగ్గర్నుంచి బూట్ల దాకా ఇస్త్రీ చేసినట్టున్న మనిషి.

"ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ స్థలం మాకు ఇస్తారా సార్?"

"తప్పకుండా మేడమ్. రద్దయినవన్నీ యాప్‌లో కనిపిస్తాయి."

"ఇక్కడ సిగ్నల్ లేదు కదండీ."

"ఉండదు మేడమ్. ప్రకృతి కదా."

"మరి ఎక్కడొస్తుంది?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కోట బురుజు మీద ఒక గీత వస్తుంది. కానీ కోటలోకి ఫోన్ పట్టుకెళ్ళకూడదు. అక్కడ 1779 నడుస్తోంది."

నిజంగానే నడుస్తోంది. కోట గోడల లోపల పనిచేసేవారికి 1779 తర్వాత జరిగినదేదీ తెలియకూడదని నియమం. కెప్టెన్ స్ట్రాడర్ వేషంలో ఉన్నది మా పక్కవీధి గ్యారీ. ముప్పై ఏళ్ళు టైర్ల షాపులో పనిచేసి రిటైరయ్యాడు. తోలు చొక్కా, తలమీద రకూన్ అనే అడవి జంతువు తోక వేలాడే టోపీ, ఎండకు కారుతున్న చెమట.

"గ్యారీ బాబాయ్, ఒక్క నిమిషం బురుజు ఎక్కనివ్వవా?"

"గ్యారీ ఎవరు తల్లీ? నేను కెప్టెన్ ఎజికియేల్ స్ట్రాడర్‌ను. నీ చేతిలో మెరుస్తున్న ఆ పలక ఏమి? మంత్రవిద్యయా?"

"ఫోన్ బాబాయ్. ముందు టైరు అరిగిపోయింది, మార్చుకోమని నిన్న దీనికే కదా మెసేజ్ పెట్టావ్!"

కెప్టెన్ ముఖంలో పద్దెనిమిదో శతాబ్దానికీ ముందు టైరుకీ మధ్య పెద్ద యుద్ధమే జరిగింది. పద్దెనిమిదో శతాబ్దం నెగ్గింది. "ఆ పలకను పెట్టెలో వేసి లోనికి రమ్ము" అన్నాడు. ఆ తర్వాత నా చెవి దగ్గరకు వంగి, "మార్చావా లేదా?" అన్నాడు.

ఫోన్ చెక్కపెట్టెలో పడింది. సిగ్నల్ ఉన్న ఒకే ఒక్క చోట నేను ఫోన్ లేకుండా నిలబడ్డాను.

ఈలోగా ఓపల్ పిల్లల కార్యక్రమంలో చేరిపోయింది. దాని పేరు "నీ భూమి నువ్వే సంపాదించుకో". అప్పటివాళ్ళు చెట్టుకు మూడు గొడ్డలి గాట్లు పెట్టి, పేరులో మొదటి అక్షరం చెక్కితే చుట్టుపక్కల నేల వాళ్ళది అయిపోయేదట. (అప్పటి యాప్ అదే. సిగ్నల్ ఎక్కడైనా వచ్చేది.) భద్రత దృష్ట్యా పిల్లలకు గొడ్డలికి బదులు సుద్దముక్క ఇస్తారు. ఇందుకోసం కోటలో ఆరు చెట్లు ఉండేవి. పోయినేడాది పురుగు పట్టిందని ఆరింటినీ కొట్టేశారు. అందుకని పిల్లల్ని వెనక గుమ్మం నుంచి బయటికి వదులుతున్నారు.

ఓపల్ వాగు పక్కన, పద్నాలుగో నంబరు గుడారం స్థలం పలక ఉన్న పెద్ద చెట్టు దగ్గరకు పరిగెత్తింది. నేను దాని వెనకాల పరిగెత్తాను. (వాగుకు ఇరవై ఆరు అడుగులు. నేనే అడుగులేసి కొలిచాను. ఆరేళ్ళ పిల్లకు ఆ దూరం సరిపోదు.) అది మూడు గీతలు గీసి, గుండ్రంగా తన అక్షరం పెట్టి వచ్చింది. కెప్టెన్ కాగితం రాసిచ్చాడు: "ఇందుమూలముగా ఓపల్ అను ఈమెకును, ఈమె వారసులకును, సదరు చెట్టు చుట్టునున్న భూమి శాశ్వతముగా." కింద గుండ్రటి ముద్ర కొట్టాడు.

ఆ ముద్ర గురించి ఒక మాట చెప్పాలి. ఆఫీసు ముద్ర మూడేళ్ళ కిందట పోయింది. కొత్తది కావాలని కోరే దరఖాస్తు మీద ముద్ర ఉండాలి. అప్పట్నుంచి ఆఫీసుకూ 1779కీ కలిపి ఒక్కటే ముద్ర.

తిరిగి వస్తుంటే ఓపల్ రేంజర్‌కు ఆ కాగితం చూపించింది. "పద్నాలుగో నంబరు మాది!"

నేను నవ్వాను. రేంజర్ నవ్వలేదు. కాగితాన్ని ఎండకు ఎత్తి చూశాడు. జేబులోంచి నియమావళి తీశాడు.

"ముద్ర మాదే మేడమ్. ముద్ర ఉన్న కాగితం, ముద్ర లేని కాగితం కన్నా ముందు. పదకొండో నియమం. గుడారం వేసుకోండి."

"అయ్యో, అది పిల్లల ఆట కదండీ."

"ఆట ఆటే మేడమ్. ముద్ర ఆట కాదు."

కాదనాల్సింది. కానీ ఓపల్ అప్పటికే గుడారం సంచి నేలమీద ఈడ్చుకుంటూ పోతోంది. అటువంటప్పుడు ఏ తల్లీ చరిత్రకు అడ్డం నిలబడలేదు.

అయిదింటికి ఓక్లహామా నంబరు పలకతో ఒక వ్యాను వచ్చింది. అందులోంచి డెబ్బై ఏళ్ళ ఆవిడ దిగింది. పేరు వెర్నా. వెనకాలే ఇద్దరు చెల్లెళ్ళు, ఒక పెద్ద గిన్నె. వాళ్ళు షానీ అనే ఆదివాసీ తెగవాళ్ళు. కోటకు ముందు ఈ వాగు ఒడ్డునే వాళ్ళ ఊరు ఉండేదట, కోట వచ్చాక ఓక్లహామాకు వెళ్ళగొట్టారట, అందుకని ప్రతి జూన్‌లో వచ్చి రెండు రోజులు ఉండి వెళ్తారట. (నేను బడి మానేసే నాటికి చరిత్ర పుస్తకంలో కోట దాకా వచ్చాం. ఊరు తర్వాతి పాఠంలో ఉండి ఉంటుంది.)

వెర్నా చేతిలో జనవరినాటి రిజర్వేషన్ కాగితం ఉంది. పద్నాలుగో నంబరు.

"దీని మీద ముద్ర లేదు మేడమ్" అన్నాడు రేంజర్.

"మీ యాప్ ఇచ్చిందే కదయ్యా."

"యాప్‌కు చేతులు లేవు మేడమ్, ముద్ర కొట్టడానికి."

ఆవిడ చెట్టు దగ్గరకు వెళ్ళి మూడు సుద్దగీతల్నీ చాలాసేపు చూసింది. "ఇవి ఎవరు పెట్టారు?"

"నేనే!" అంది ఓపల్. "మూడు గీతలు పెడితే మనది అయిపోతుంది. కెప్టెన్ చెప్పాడు."

వెర్నా చెల్లెళ్ళ వైపు తిరిగింది. "మళ్ళీనా?"

చిన్న చెల్లెలు గిన్నె కింద పెట్టి పొట్ట పట్టుకుని నవ్వింది. "కాస్త నయమే అక్కా. పోయినసారి గడ్డాలోళ్ళను పంపారు."

నాకు చెవులు కాలిపోయాయి. "ఇప్పుడే పీకేస్తామండీ, అయిదు నిమిషాల్లో" అంటూ మేకుల మీద పడ్డాను. ఓపల్ గుడారం తాడునొకదాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"పీకడానికి వీల్లేదు మేడమ్" అన్నాడు రేంజర్. "హక్కు వదులుకునే ఫారం సోమవారం గానీ ఇవ్వరు."

వెర్నా ఓపల్‌నూ, తాడునూ, నన్నూ వరసగా చూసింది. "ఒక స్థలంలో ఎంతమంది ఉండొచ్చు బాబూ?"

"ఆరుగురు. రెండు గుడారాలు."

"మేం ముగ్గురం, వీళ్ళు ఇద్దరు. ఉండనీ." తర్వాత నావైపు వేలు చూపించింది. "ఒక్క రాత్రే కదమ్మా?"

"ఒక్క రాత్రేనండీ! ఒట్టు!"

"అప్పుడూ ఇదే అన్నారంట" అంది చిన్న చెల్లెలు.

వాళ్ళ మొక్కజొన్న పులుసు తిన్నాం. మా కేకు వాళ్ళకు పెట్టాం. కొవ్వొత్తి వెలిగిస్తే బహిరంగ మంట కిందకు వస్తుందన్నారు కాబట్టి ఓపల్ వెలిగించని ఆరు కొవ్వొత్తుల్ని ఊదింది. ఒక్క ఊదుకే అన్నీ ఆరిపోయి ఉన్నాయి. వెర్నా చప్పట్లు కొట్టింది. ఆవిడే ఓపల్ కాళ్ళమీద పిడుదులేమైనా పట్టాయేమోనని నాతోపాటు వెతికింది, నాకంటే బాగా.

తెల్లవారాక రేంజర్ రెండు కాగితాలు తెచ్చాడు. ఒకటి వెర్నాకు. పద్నాలుగో నంబరులో వేరొకరు ఉన్నట్టు రికార్డయింది కనుక ఆమె రాలేదని భావించడమైనదట. రానివారికి వచ్చే ఏడాది రిజర్వేషన్ ఇవ్వరట.

"నేను నీ ఎదురుగానే ఉన్నాను కదయ్యా" అంది ఆవిడ.

"కనిపిస్తున్నారు మేడమ్. కానీ రాలేదు."

ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ సంచిలో అలాంటివి ఇంకా చాలా ఉన్నట్టున్నాయి.

రెండోది నాకు, అభిప్రాయ సేకరణ ఫారం. ఒకటే ప్రశ్న: "మా ఉద్యానవనంలో చరిత్రను జరిగింది జరిగినట్టు చూపించగలిగామా?"

"పూర్తిగా" అన్నచోట టిక్కు పెట్టాను.